ఫిలింనగర్ కొలువు: మానెయ్యాలా? తీసేసేదాకా ఆగాలా?

దసరాకు ఊరికి వచ్చిన కొడుకు మొహం చూస్తే చాలు, పట్నంలో ఏదో జరిగిందని తల్లికి తెలిసిపోతుంది. రెండు రోజులు ఆగి తండ్రి కదిలిస్తాడు. కొడుకు నసుగుతాడు. ఆఫీసులో పని తగ్గిందట. పక్క కుర్చీలో కూర్చునేవాడు కిందటి నెల నుంచి రావడం లేదట. తర్వాత వంతు ఎవరిదో తెలియదట.

"వాళ్ళు బయటికి నూకేదాకా ఎందుకు బిడ్డా? ఇజ్జత్‌తోని నువ్వే మానేసి రా" అంటాడు తండ్రి.

"ఆగు బాపూ, వాళ్ళు తీసేస్తే పైసలిస్తరట" అంటాడు కొడుకు.

జూబ్లీహిల్స్, ఫిలింనగర్‌లకు పోయి నెల జీతానికి కుదిరిన పిల్లలున్న ఇళ్ళలో ఈ మాటలు ఇంచుమించు ఇలాగే నడుస్తుంటాయి. తండ్రిది పరువు లెక్క, కొడుకుది పైసల లెక్క. రెండింటిలోనూ న్యాయం ఉంది. కాని ఆ పరువుకు ఎంత ఖరీదు పడుతుందో తండ్రికి తెలియదు. 'ఇస్తరట' అన్న మాటలో చివరి 'అట' ఎంతవరకు నిజమో కొడుక్కీ తెలియదు.

సినిమా అంటే పల్లెలో అందరికీ తెరమీది బొమ్మే కనబడుతుంది. దాని వెనుక ఉన్నవి ఆఫీసులే. ఎడిటింగ్ గదులు, డబ్బింగ్ థియేటర్లు, గ్రాఫిక్స్ సంస్థలు, నిర్మాణ సంస్థల కార్యాలయాలు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు చుట్టుపక్కల ఇళ్ళ మధ్యనే ఉన్నాయి. బయట బోర్డు కూడా లేనివి ఎన్నో. లోపల కంప్యూటర్ల ముందు కూర్చున్నవారిలో డిగ్రీ చదివి, ఆరు నెలలు ఏదో కోర్సు నేర్చుకుని వచ్చిన పల్లెటూరి పిల్లలు కనబడతారు. హీరో ఎగిరి దూకితే వెనకాల కట్టిన తీగను చెరిపేసేది వీళ్ళే.

కార్డు వాళ్ళ సంగతి వేరు

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. ఫిలింనగర్‌లో పనిచేసే వాళ్ళందరికీ ఈ ప్రశ్న వర్తించదు.

తెల్లవారకముందే కృష్ణానగర్, ఇందిరానగర్ దారుల్లో షూటింగు బండ్ల కోసం నిలబడే లైట్‌మెన్, ప్రొడక్షన్ బాయ్‌లు, సెట్ పనివాళ్ళు, జూనియర్ ఆర్టిస్టులు సంఘం కార్డు మీద బతుకుతారు. పని ఉన్న రోజు కూలి ఉంటుంది, లేని రోజు లేదు. వాళ్ళను కొలువులోంచి తీసెయ్యడానికి అసలు కొలువంటూ ఉండదు. పిలవడం మానేస్తే చాలు, అదే తీసివేత. నోటీసు లేదు, పరిహారం లేదు.

అందుకే వాళ్ళ కొట్లాట ఎప్పుడూ రోజు కూలి మీదే. 2025 ఆగస్టు 4న తెలుగు ఫిలిం ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్ 30 శాతం పెంపు కోరుతూ పని ఆపేసింది. షూటింగులు 18 రోజులు నిలిచిపోయాయి. చివరకు ప్రభుత్వం కల్పించుకోగా ఆగస్టు 21న రాజీ కుదిరింది. రోజుకు 2,000 రూపాయల లోపు తీసుకునే వాళ్ళకు మూడేళ్ళలో కలిపి 22.5 శాతం, అంతకన్నా ఎక్కువ తీసుకునే వాళ్ళకు 17.5 శాతం పెంచడానికి ఒప్పుకున్నారు. ఆ 18 రోజుల కూలి పోయింది పోగా దక్కింది ఇది.

కార్డు వాడికి ఆగితే వచ్చేదేమీ లేదు కనుక, పని తగ్గినప్పుడు ఊరికి వచ్చి వ్యవసాయం చూసుకున్నా నష్టం లేదు. కార్డు మాత్రం కట్టుబాకీ లేకుండా నిలుపుకుంటే చాలు. ఎటొచ్చీ నెల జీతం వాడికే తలనొప్పి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్టుంటుంది వాడి పని.

పేరొకటి, తీరొకటి

పట్నం పిల్లలందరూ 'లే-ఆఫ్' అనే మాట వాడుతున్నారు. చట్టంలో ఆ మాటకు అర్థం వేరు. ముడిసరుకు లేకనో, యంత్రం చెడిపోయో యజమాని కొన్నాళ్ళు పని ఇవ్వలేకపోతే దాన్ని లే-ఆఫ్ అంటారు. పేరు హాజరు పట్టీలోనే ఉంటుంది. ఫ్యాక్టరీల వంటి చోట 50 మందికి తగ్గకుండా పనివాళ్ళుంటే ఆ రోజులకు మూలవేతనం, కరువు భత్యంలో సగం ఇవ్వాలి. కొలువులోంచి పూర్తిగా తీసెయ్యడం మాత్రం 'రిట్రెంచ్‌మెంట్'. పరిహారం ముట్టేది దీనికే.

ఈ తేడా బోధన్ వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ నిజాం షుగర్స్‌ను 2002లో ప్రైవేటు చేతుల్లో పెట్టారు. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లలోనూ లే-ఆఫ్ ప్రకటించారు. మాట వరకు అది తాత్కాలికం. 2019లో కంపెనీ లా ట్రైబ్యునల్ ఆస్తుల అమ్మకానికి, అంటే లిక్విడేషన్‌కు ఆదేశించింది. ఆ నాలుగేళ్ళూ కార్మికులు పనిలో ఉన్నట్టూ కాదు, తీసేసినట్టూ కాదు. చెరకు లేని కాలంలో గానుగ దగ్గర కాపలా ఉన్నట్టు ఉన్నారు.

ఇక రిట్రెంచ్‌మెంట్ విషయానికి వద్దాం. పారిశ్రామిక వివాదాల చట్టం 1947 నాటిది. దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. పరిహారం విషయంలో రెండింటి మూలసూత్రం ఒక్కటే. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ణి తీసెయ్యాలంటే నెల రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదా ఆ నెల జీతం చేతిలో పెట్టాలి. ఆపైన పూర్తయిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం కట్టాలి. చివరి ఏడాది ఆరు నెలలు దాటితే దాన్ని కూడా పూర్తి ఏడాదిగా లెక్కపెట్టాలి. మళ్ళీ పని నేర్చుకోవడానికని ఇంకో 15 రోజుల వేతనం యజమాని నిధికి జమ చేయాలని కొత్త కోడ్ చేర్చింది. అది కార్మికుడి ఖాతాకు చేరాలి.

పాత చట్టం కింద 100 మంది, కొత్త కోడ్ కింద 300 మంది ఉన్న ఫ్యాక్టరీల వంటి పెద్ద సంస్థలు కార్మికులను తీసెయ్యడానికి ముందు ప్రభుత్వ అనుమతి పొందాలి. ఫిలింనగర్ ఆఫీసుల్లో చాలావాటికి అంత మంది ఉండరు. కాబట్టి ప్రభుత్వం అడ్డుపడి ఆపుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. దొరికేది డబ్బే.

లెక్క వేసి చూద్దాం

ఒక గ్రాఫిక్స్ సంస్థలో 12 ఏళ్ళుగా పనిచేస్తున్న వ్యక్తి ఉన్నాడనుకుందాం. లెక్కకు తీసుకునే వేతనం నెలకు 26,000 రూపాయలు అనుకుందాం. (జీతం చీటీలో మూలవేతనం పిసరంత చూపించి మిగతాదంతా అలవెన్సులుగా రాసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. కొత్త కోడ్‌ల ప్రకారం మొత్తం జీతంలో సగానికి తగ్గకుండా వేతనం కింద లెక్కపెట్టాలి.)

అతను తనంతట తాను మానేశాడు. గ్రాట్యుటీ వస్తుంది. 26,000ను 26తో భాగించి 15తో గుణిస్తే 15,000. పన్నెండేళ్ళకు 1,80,000 రూపాయలు. ప్రావిడెంటు ఫండు ఎలాగూ అతనిదే. మానేసిన వాడికి గ్రాట్యుటీ రాదని ఊళ్ళలో ఒక అపోహ ఉంది. అది తప్పు. అయిదేళ్ళు నిండితే, మానేసినా తీసేసినా గ్రాట్యుటీ ఇచ్చి తీరాలి. 1972 నుంచీ ఉన్న చట్టమే ఇది.

అదే వ్యక్తిని సంస్థ తీసేసింది. ఆ 1,80,000 ఎలాగూ వస్తుంది. దానిపైన ఏడాదికి 13,000 చొప్పున పన్నెండేళ్ళకు 1,56,000 పరిహారం. నోటీసు ఇవ్వకపోతే ఒక నెల జీతం 26,000. పని నేర్చుకునే నిధి నుంచి 13,000. కలిపితే 1,95,000 రూపాయలు.

అంటే ఆగిన వాడికి, మానేసిన వాడికి మధ్య తేడా 1,95,000. ఏడున్నర నెలల జీతం. తండ్రి చెప్పిన ఇజ్జత్ ఖరీదు ఇంత. ఇది చిన్న సొమ్మేమీ కాదు, ఆడపిల్ల చదువుకు పనికొస్తుంది. అలాగని జన్మంతా కూర్చుని తినే సొమ్మూ కాదు. తీసేశాక ఏడున్నర నెలలు వేరే పని దొరక్కపోతే అది కాస్తా కరిగిపోతుంది. కొంతమంది పిల్లలు లక్షలకు లక్షలు వచ్చిపడతాయని ఊహించుకుని చేతికి వచ్చిన వేరే కొలువును కాదనుకుంటున్నారు. అమెరికా కంపెనీల్లో తీసేసినవాళ్ళకు అంత ఇచ్చారు, ఇంత ఇచ్చారు అని ఫోనుల్లో తిరిగే కథలు విని వేసుకున్న లెక్క అది. అక్కడ ఇచ్చింది ఆ కంపెనీల ఇష్టం. ఇక్కడ చట్టం చెప్పింది ఏడాదికి 15 రోజులు.

సర్వీసు మూడేళ్ళే అయితే లెక్క ఇంకా పలచబడుతుంది. పర్మినెంటు ఉద్యోగికి అయిదేళ్ళు నిండలేదు కనుక గ్రాట్యుటీ లేదు. తీసేస్తే అదే జీతం మీద 39,000 పరిహారం, నోటీసు జీతం 26,000, నిధి 13,000 కలిపి 78,000 వస్తుంది. మూడు నెలల జీతం. అంతకోసం ఏడాది పొడవునా దినదిన గండంగా కూర్చోవడం దేనికి?

సర్వీసు నాలుగున్నరేళ్ళు ఉన్నవాడు, తొమ్మిదేళ్ళు దాటినవాడు మాత్రం క్యాలెండర్ చూసుకోవాలి. అయిదేళ్ళు నిండితే గ్రాట్యుటీ గడప దాటుతాడు. పి.ఎఫ్. కింద పదేళ్ళ సర్వీసు ఉంటే 58 ఏళ్ళకు పింఛను హక్కు వస్తుంది. పాత కంపెనీ సర్వీసు కొత్త కంపెనీకి బదిలీ చేయించుకుంటే ఈ పదేళ్ళు కలుస్తాయి. తొందరపడి పి.ఎఫ్. సొమ్ము తీసేసుకున్నవాళ్ళే ఆ పింఛను పోగొట్టుకుంటున్నారు.

గల్ఫ్ పోయి వచ్చిన వాళ్ళకు తెలిసిన లెక్కే

ఆర్మూరు, బాల్కొండ, భీమ్‌గల్ పక్కల ఊళ్ళలో ఈ లెక్క కొత్తగా చెప్పనక్కరలేదు. సౌదీలో పనిచేసి వచ్చిన ఏ పెద్దమనిషిని అడిగినా చెబుతాడు. అక్కడ కంపెనీయే పంపేస్తే మొదటి అయిదేళ్ళకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం చొప్పున లెక్కగట్టి ఇవ్వాలి. కార్మికుడు తానే మానేస్తే రెండేళ్ళ లోపు ఏమీ రాదు. రెండు నుంచి అయిదేళ్ళ లోపు మూడో వంతు, అయిదు నుంచి పదేళ్ళ లోపు మూడింట రెండు వంతులు, పదేళ్ళు దాటితే మొత్తం ఇస్తారు. అందుకే అక్కడ నాలుగేళ్ళ పది నెలలకు ఎవరూ ఎగ్జిట్ అడగరు. ఇంకో రెండు నెలలు ఎలాగో గడుపుతారు.

అదే గల్ఫ్ నుంచి 2020లో కరోనా కాలంలో ఖాళీ చేతులతో విమానం ఎక్కిన వాళ్ళున్నారు. లెక్క ప్రకారం రావలసింది ఉంది. ఇవ్వాల్సిన కంపెనీయే చేతులెత్తేసింది. చట్టంలో ఉన్న డబ్బుకూ చేతిలో పడ్డ డబ్బుకూ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆ ఇళ్ళ వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఆ సంతకం ఒక్కటీ

జూబ్లీహిల్స్ ఆఫీసుల్లో ఎక్కువమంది నష్టపోయేది చట్టం తెలియక కాదు, ఒక్క సంతకంతో.

తీసెయ్యదలచుకున్న సంస్థ 'నిన్ను తీసేస్తున్నాం' అని కాగితం ఇస్తే పరిహారం కట్టాలి. అందుకని గదిలోకి పిలిచి, తలుపు వేసి, 'నువ్వే రాజీనామా ఇవ్వు, మంచి సర్టిఫికెట్ ఇస్తాం, లేకపోతే రికార్డులో మచ్చ పడుతుంది' అని చెప్పే పద్ధతి ప్రైవేటు కొలువుల్లో పాతుకుపోయింది. రిలీవింగ్ లెటర్ లేకపోతే పై కంపెనీ తీసుకోదని కుర్రాడికి భయం. పది నిమిషాల్లో సంతకం పెట్టి బయటికి వస్తాడు. ఆ క్షణంతో రిట్రెంచ్‌మెంట్ కాస్తా రాజీనామా అయిపోతుంది. పై లెక్కలోని 1,95,000 రూపాయలు ఆ కలం గీతతో పోతాయి.

కౌలు రైతును అడగండి, పంట కోతకు వచ్చే ముందు 'నా అంతట నేనే చేను వదిలేస్తున్నా' అని రాసిస్తాడా? పిల్లలు చదువుకున్నవాళ్ళు, వాళ్ళే ఈ తప్పు చేస్తున్నారు.

సంతకం అడిగిన రోజున 'ఇంటి వాళ్ళతో మాట్లాడి రేపు చెబుతాను' అనడానికి ఏ చట్టం అడ్డురాదు. ఆ రాత్రి ఊరికి ఫోను చేస్తే తండ్రి చెప్పవలసిన మాట 'మానెయ్' అని కాదు, 'ఏమిస్తారో రాసిమ్మను' అని. సంస్థకు కూడా గొడవ లేకుండా పోవడమే కావాలి. కాబట్టి రాజీనామా ఇస్తే రెండు నెలల జీతమో, మూడు నెలల జీతమో ఇస్తామని కాగితం మీద రాసిస్తే అదొక బేరం. తనకు చట్టప్రకారం రావలసిన సొమ్ము పక్కన పెట్టి చూసుకుని ఒప్పుకోవచ్చు, మానవచ్చు. నోటిమాట మాత్రం బేరం కాదు. మానేసినా తీసేసినా ఆఖరి జీతం బాకీ రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. దానికి ఎవరి దయా అక్కరలేదు.

'నువ్వు కార్మికుడివి కాదు, ఎగ్జిక్యూటివ్‌వి' అని కొన్ని సంస్థలు దబాయిస్తాయి. నియామక పత్రంలో 'మేనేజర్' అని పెద్ద పేరు రాసి ఇవ్వడంలోని మతలబు ఇదే. చట్టం చూసేది హోదా పేరు కాదు, చేసే పని. నైపుణ్యంతో, సాంకేతికంగా పనిచేసేవాళ్ళు కార్మికుల కిందికే వస్తారు. పదిమంది మీద పెత్తనం చేసే మేనేజర్లు రారు. నెలకు 18,000 దాటిన సూపర్‌వైజర్లు రారు. కుర్రాడు రోజంతా మౌస్ పట్టుకుని తీగలు చెరిపే వాడైతే బోర్డు మీద ఏమి రాసినా కార్మికుడే.

జీతం ఆగితే ఆగడం మానాలి

ఇంతవరకు చెప్పింది సంస్థ నిలబడి ఉన్నప్పటి సంగతి. సంస్థే కూలిపోతుంటే లెక్క తిరగబడుతుంది.

2013 ఫిబ్రవరిలో 'లైఫ్ ఆఫ్ పై' సినిమాకు గ్రాఫిక్స్‌లో ఆస్కార్ వచ్చింది. పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా సంస్థ ఆ బహుమతికి రెండు వారాల ముందే దివాలా పిటిషను వేసింది. ఆ సంస్థకు హైదరాబాదులో కూడా స్టూడియో ఉండేది. మనవాళ్ళ చేతులు కూడా ఆ పులి మీద పడ్డాయి. పని గొప్పదైతే కొలువు నిలుస్తుందన్న నమ్మకం ఎంత ఉత్తదో అప్పుడే తేలిపోయింది.

2025 ఫిబ్రవరిలో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. శతాబ్దం పైగా పేరున్న టెక్నికలర్ సంస్థ యూరపులో కుప్పకూలింది. దాని కింద బెంగుళూరు, ముంబాయి స్టూడియోల్లో పనిచేస్తున్న మూడు వేల మందికి పైగా గ్రాఫిక్స్ పనివాళ్ళు ఉన్నట్టుండి రోడ్డున పడ్డారు. పరిహారం మాట అటుంచి ఆ నెల జీతమే అందలేదు. ముందే మానేసి వేరేచోట చేరినవాడు బతికిపోయాడు. పరిహారం వస్తుందని ఆగినవాడికి ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది. ఫిలింనగర్ గదుల్లో ఇప్పటికీ ఆ ముచ్చట వస్తే కుర్రాళ్ళ గొంతు తగ్గుతుంది. చేసే పని ఒకటే కదా.

సంస్థ దివాలా తీస్తే కార్మికుడు వరుసలో నిలబడాలి. ఆస్తులు అమ్మగా వచ్చిన దాంట్లో ముందు దివాలా నడిపిన ఖర్చులు పోతాయి. తర్వాత అప్పిచ్చిన బ్యాంకులతో సమానంగా కార్మికులకు రెండేళ్ళ బాకీ వరకు వాటా ఉంటుంది. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ నిధి సొమ్మును అప్పులవాళ్ళు ముట్టరాదు. చట్టం చెప్పడానికి బాగానే ఉంది. అయితే షుగరు ఫ్యాక్టరీకైతే భూములున్నాయి, యంత్రాలున్నాయి. అద్దె ఇంట్లో నడిచే గ్రాఫిక్స్ ఆఫీసుకు ఏమున్నాయి అమ్మడానికి? కుర్చీలు, కంప్యూటర్లు. అవి కూడా ఒక్కోసారి అద్దెవే.

ఈ లెక్కన ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు కదలాలి అన్నది జీతం పడే తేదీయే చెబుతుంది. ఒకటో తారీఖున పడే జీతం ఒకటో తారీఖునే పడుతున్నంత కాలం, వేరే కొలువు చేతిలో లేనంత కాలం, ఆగడమే లాభం. తనంతట రాజీనామా ఇవ్వరాదు. జీతం పదో తారీఖుకు, ఇరవయ్యో తారీఖుకు జరుగుతుంటే వేరే పని వెతుక్కోవడం మొదలెట్టాలి. రెండు నెలలు జీతం ఆగిందంటే ఆ పైన చేసే ప్రతి రోజు పనీ యజమానికి వడ్డీ లేకుండా ఇచ్చే అప్పు. పి.ఎఫ్. పాసుపుస్తకంలో సంస్థ వాటా పడడం ఆగిపోవడం ఇంకా ముందే కనబడే గుర్తు. ఫోనులోనే చూసుకోవచ్చు. జీతంలోంచి కోసి అక్కడ కట్టకపోతే ఆ సంస్థ గల్లాపెట్టెలో చిల్లి పడినట్టే.

ప్రభుత్వరంగంలో వచ్చే స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలతో దీన్ని పోల్చరాదు. 2019 చివర బి.ఎస్.ఎన్.ఎల్.లో అలాంటి పథకం పెడితే దేశం మొత్తం మీద 78,569 మంది ఒప్పుకుని 2020 జనవరి 31న ఇళ్ళకు వచ్చేశారు. 2025లో విశాఖ ఉక్కులోనూ అటువంటి పథకం తెచ్చారు. ఎంతిస్తారో, ఎప్పుడిస్తారో ముందే అచ్చువేసి చెప్పారు కనుక అక్కడ ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్క వేసుకోవచ్చు. ఫిలింనగర్‌లో ఎవరూ పథకం ప్రకటించరు. ఒక సోమవారం కుర్రాడి కార్డు తలుపు దగ్గర పనిచేయదు, అంతే.

రీళ్ళు పోయిన నాటి కథ

ఈ ముచ్చట పరిశ్రమకు మొదటిసారి కాదు. తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలినప్పుడు కోడంబాకం, వడపళని వీధుల్లో ఎందరో ఈ తర్జనభర్జన పడ్డారు. 1976 జనవరిలో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమైంది. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. పెద్ద నటులు, నిర్మాతలు ఇళ్ళు కట్టుకుని కదిలారు. లైటు మోసేవాడు, సెట్టు కొట్టేవాడు అక్కడే ఉండి పనికోసం చూశాడు. ఒకనాడు ఆసియాలోనే పెద్ద స్టూడియోల్లో ఒకటైన విజయా-వాహినీ చోటులో ఇప్పుడు ఆసుపత్రి, మాల్ ఉన్నాయి.

ఆ తర్వాత 2010 దాటాక రీళ్ళు పోయాయి, డిజిటల్ వచ్చింది. ఫ్యూజీ కంపెనీ 2013లో సినిమా ఫిల్ము తయారీ ఆపేసింది. లాబుల్లో రసాయనాల తొట్ల దగ్గర జీవితం గడిపిన వాళ్ళ పనికి కాలం చెల్లింది. మన ఊళ్ళ థియేటర్లలో కూడా రీళ్ళు చుట్టే ఆపరేటర్లు, పెట్టెతో పాటు బస్సెక్కి వచ్చే రిప్రజెంటేటివులు కనబడకుండా పోయారు. అయిదుగురు పనివాళ్ళున్న ఏ థియేటరుకైనా పి.ఎఫ్., గ్రాట్యుటీ వర్తిస్తాయని 1981లోనే సినిమా కార్మికుల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. ఆ సంగతి తెలిసి అడిగిన ఆపరేటర్లు ఎందరు? ప్రొజెక్టరు అమ్మిన రోజున వాళ్ళ చేతిలో పెట్టింది ఖర్చులకని ఇచ్చిన నోట్లు కొన్ని.

ఆ 1981 చట్టం ఇప్పుడు కొత్త కోడ్‌లలో కలిసిపోయింది. వీడియో, డిజిటల్ పనులు చేసేవాళ్ళను కూడా 'ఆడియో-విజువల్ కార్మికులు' అనే పేరుతో అందులో చేర్చారు. వాళ్ళను పనిలో పెట్టుకునేటప్పుడు రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. నిర్ణీత కాలానికి ఒప్పందం మీద పనిచేసిన వాళ్ళకు ఏడాది నిండినా గ్రాట్యుటీ లెక్క వస్తుంది. సినిమాకు ఇంత అని మాట్లాడుకుని చేరే కుర్రాళ్ళకు ఇది పనికివచ్చే మాట. అయితే ఒప్పందం కాగితం వాళ్ళ దగ్గర ఉండాలి కదా! చాలామంది దగ్గర ఉండేది ఫోనులో వచ్చిన 'రేపటి నుంచి రా' అన్న సందేశమే. అదీ సాక్ష్యమే, చెరపకుండా దాచుకోవాలి. బ్యాంకు ఖాతాలో జీతం పడిన వివరాలు, పి.ఎఫ్. నంబరు, ఆఫీసు గుర్తింపు కార్డు ఫొటో ఊళ్ళో ఇంకెవరి ఫోనులోనైనా ఒక ప్రతి ఉంచితే మంచిది. తీసేసిన రోజున ఆఫీసు మెయిలు తెరుచుకోదు.

ఇవ్వవలసింది ఇవ్వకపోతే అడగడానికి చోటుంది. హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో కార్మిక శాఖ కార్యాలయం ఉంది. వకీలు లేకుండా వెళ్ళి అర్జీ పెట్టుకోవచ్చు. గ్రాట్యుటీ ముప్ఫయి రోజుల్లో ఇవ్వకపోతే వడ్డీతో అడగవచ్చు. తీసివేత మీద తగాదా అయితే తీసేసిన నాటి నుంచి రెండేళ్ళ లోపు ట్రైబ్యునల్‌కు ఎక్కాలి. పాత చట్టంలో ఈ గడువు మూడేళ్ళు ఉండేది. వచ్చే దసరా దాకా, ఆ పై దసరా దాకా అని వాయిదా వేస్తూ పోతే ఆ రెండేళ్ళు కాస్తా నిండిపోతాయి.